కట్టె కాళ్ల చప్పుడు విన్న సోమాచారి గారు

వడ్రంగంలో యాభై ఏళ్లకు పైగా చేయి తిరిగిన సోమాచారి గారు ఇరవై రోజుల క్రితం పరమపదించారు. ఆ దుర్వార్త చెవిన పడి నిశ్చేష్టులమయ్యామని రాయడం ఇటువంటి వ్యాసాలలో ఆనవాయితీ. నాకు వార్త ఎవరూ మోసుకు రాలేదు. నేను అక్కడే ఉన్నాను. నగర శివార్లలోని వినోదోద్యానంలో, కట్టె రైలు కింద, ఆయన తలను ఒళ్లో పెట్టుకుని అంబులెన్స్ కోసం ఎదురుచూశాను. అది వచ్చేలోపే ఆయన వెళ్లిపోయారు. వడ్రంగుల సంఘం వారు తమ పత్రికకు నాలుగు మాటలు రాసివ్వమంటే వారం రోజులు తప్పించుకు తిరిగాను. ఎందుకో ఈ వ్యాసంలోనే చెబుతాను.

చిక్కడపల్లిలో ఒక సందులో, మేడ మీద రెండు గదుల కిరాయి ఇంట్లో ఆయనా, భార్య భారతమ్మ గారూ ముప్పై ఏళ్లుగా ఉన్నారు. నారాయణగూడలో చిన్న దుకాణం పెట్టుకుని తలుపులు, దర్వాజాలు చేసేవారు. ఉద్యానం వాళ్లు కట్టె రైలు కట్టినప్పుడు ఆయనను పెద్ద మేస్త్రీగా తీసుకున్నారు. చూడనివారి కోసం చెబుతున్నాను. అది జనం కూర్చుని కేకలు పెట్టే ఆట రైలు. వందల కొద్దీ కట్టె కాళ్ల మీద ఎత్తుకు ఎక్కి, ఒక్కసారిగా కిందికి దూకుతుంది. దాని పట్టా కూడా కట్టెదే. పలకల మీద పలకలు పేర్చి, పైన సన్నని ఇనుప పట్టీ బిగించినది. ఎండకు ముడుచుకుని, వానకు ఉబ్బి, ఏటా కొంత మార్చక తప్పని వ్యవహారం.

నేను ఆయనను మొదట చూసింది చిక్కడపల్లి గ్రంథాలయంలో. సివిల్ ఇంజనీరింగ్ ముగించి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ, సర్కారు కొలువు కోసం పుస్తకాలు నమిలి మింగుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి నా వెనక నిలబడి, "లే బిడ్డా, ఆ కుర్సీ కాలు పోయింది" అన్నారు.

"మంచిగనే ఉంది కద సార్" అన్నాను, చదువు చెడిందన్న చిరాకుతో.

ఆయన కుర్చీని బోర్లించి వేలి కణుపుతో ఒక్కో కాలినీ తట్టారు. "ఇను. ఈ మూడు పలుకుతున్నయ్. ఇది పలుకుతలే." నాకు నాలుగూ ఒకే తీరుగా వినిపించాయి. ఆయన నాలుగో కాలిని చేత్తో పుటుక్కున విరిచి చూపించారు. లోపలంతా చెదల మట్టి. ఎవరూ పిలవకుండానే అప్పుడప్పుడూ వచ్చి అక్కడి కుర్చీలు బాగుచేసి పోవడం ఆయన అలవాటని తర్వాత తెలిసింది. ఉద్యానంలో జూనియర్ ఇంజనీరు కావాలన్న సంగతి చెప్పిందీ ఆయనే. "సదువుకో, వద్దంటలేను. కని కొలువు వచ్చేదాంక కడుపు ఊకోదు కద" అన్నారు. తనను సార్ అనవద్దని, కాకా అనమని కూడా ఆరోజే చెప్పారు.

ఉద్యానం గేట్లు తెరవకముందే కట్టె రైలు పొడవునా నడవడం కాకాకు నిత్యానుష్ఠానం. చేతిలో చిన్న సుత్తి, నడుముకు ఎర్రమట్టి జాజు ముద్ద కట్టిన గుడ్డ. రైలు ఎత్తుకు ఎక్కడం మొదలుపెట్టే చోటు నుంచి ఒక్కో కాలిని తట్టి వినేవారు. అనుమానమున్న కాలికి జాజుతో ఒక ఎర్ర గీత, మార్చి తీరాల్సినదానికి రెండు. కట్టెను పరీక్షించే యంత్రం పట్టుకుని నేను పక్కన నడిచేదాన్ని. యంత్రానికీ ఆయన చెవికీ పేచీ వచ్చినప్పుడల్లా కట్టె కోసి చూసేవాళ్లం. నేను నెగ్గిన సందర్భం ఒక్కటీ లేదు. "చెవిల ఏం లేదు బిడ్డా, కట్టెనే చెప్తది. మనం జర చుప్ ఉండాలె, గంతే" అనేవారు.

మొండితనమూ తక్కువేమీ కాదు. ఒక సెలవు రోజున జనం వరుసల్లో కిటకిటలాడుతుంటే, ఒక కాలి చప్పుడు నచ్చక రైలు ఆపించారు. మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు. కాకా పట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, టిఫిన్ డబ్బా విప్పి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టారు. "రైలు నడుపుతవా? నడుపు. ముందుగాల నన్ను గుద్దాలె" అన్నారు. ఆ సాయంత్రం ఆ కాలు కోస్తే నడుమ పిడికిలి పట్టేంత బోలు. మేనేజరు క్షమాపణ చెప్పలేదు కానీ చాయ్ తెప్పించాడు. చాయ్‌లో చక్కెర తక్కువైందని కాకా దానికీ వంక పెట్టారు.

పోయిన ఏడాది యాజమాన్యం కట్టె పట్టాను తీసేసి, ఆ పాత కట్టె కాళ్ల మీదే ఇనుప పట్టా వేయించాలని నిశ్చయించింది. విదేశాల్లో పాత కట్టె రైళ్లకు ఇలాగే కొత్త జన్మ ఇస్తున్నారు. కుదుపు తగ్గుతుంది, కట్టె పట్టాకు చేతకాని మలుపులు వస్తాయి, రైలు తలకిందులుగా కూడా తిరుగుతుంది. కాకా అడ్డం తిరుగుతారని అందరం అనుకున్నాం. "మంచిదే గద, ఏటేటా పలకలు మార్చి మా నడుములు పోయినయ్" అని నవ్వారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట వేరు.

"ఇనుము కొత్తది బిడ్డా, మోసే కాళ్లు పాతయి. కట్టె పట్టా జర వంగుతుండె, దెబ్బ తను తింటుండె. ఇనుము గట్ల వంగది. దెబ్బ సీదా కాళ్లకు వస్తది. ఒక్క పుచ్చు కాలు మిగలొద్దు."

నెల రోజులు తిరిగి, మార్చి తీరాల్సినవి నాలుగు కాళ్లని తేల్చి రెండేసి గీతలు పెట్టారు. నంబర్లు నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇక మీ పని అయిపోయిందని యాజమాన్యం ఆయనకు శాలువా కప్పి పంపేసింది. ఆ మరుసటి వారమే ప్రకటనల ఫొటోల కోసం మొత్తానికి తెల్ల రంగు కొట్టించారు. జాజు గీతలు మాయమయ్యాయి. నా పుస్తకంలో ఉన్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఇక్కడే నా అపరాధం. కాకా లెక్క రైలు ఎత్తుకు ఎక్కే చోట మొదలవుతుంది. ఇనుప పట్టా కంపెనీ గీసిన నక్షాల లెక్క జనం ఎక్కే ప్లాట్‌ఫారం దగ్గర మొదలవుతుంది. నడుమ పదకొండు వరుసల తేడా. ఏళ్ల తరబడి ఆయన వెంట నడిచిన నాకు ఇది తెలియక ఎవరికి తెలుస్తుంది? అయినా ఆయన నంబర్లను ఉన్నవి ఉన్నట్టే నక్షా మీద ఎక్కించి సంతకం పెట్టాను. పనివాళ్లు నక్షా చూసి నాలుగు గట్టి కాళ్లు పీకి కొత్తవి పెట్టారు. నాలుగు పుచ్చు కాళ్లు తెల్ల రంగు కింద అలాగే ఉండిపోయాయి.

పీకిన కాళ్లలో ఒకదాన్ని ముక్కలు చేయించి, ట్రాలీ ఆటోలో కాకా దుకాణానికి పంపాను. ఇన్నేళ్లు సాకిన కట్టె, జ్ఞాపకంగా ఉంచుకుంటారని. ఆ మర్నాడే కొత్త పట్టా మీద రైలును మొదటిసారి నడిపే రోజు. మనుషుల బదులు ఇసుక బస్తాలు పెడతారు, కానీ కింద పనివాళ్లంతా ఉంటారు. పొద్దున నేను నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"నువ్వు పంపిన కట్టె కోసిన బిడ్డా. లోపట బంగారమోలె ఉన్నది. నువ్వు యాడికెల్లి లెక్కపెట్టినవ్?"

"ప్లాట్‌ఫారం కాడికెల్లి కాకా" అన్నాను. అన్న తర్వాత గానీ నాకు అర్థం కాలేదు.

"పరేషాన్ గాకు. నేను బస్సుల్నే ఉన్న, దగ్గర్కొచ్చిన. గీతలు మల్ల పెడ్త. నీ పేరు బయటికి రానియ్య."

ఆ క్షణాన నేను చేయాల్సింది ఒక్కటే. మేనేజరుకు ఫోన్ చేసి, నక్షా తప్పు, రైలు నడపకండి అనాలి. అని ఉంటే ఆయనకు తొందర ఉండేది కాదు. పుచ్చు ఉన్నది కాళ్ల పైకొసన, పట్టాకు ఆనే చోట. అక్కడికి బెల్టు కట్టుకుని, నిచ్చెన వేయించుకుని నింపాదిగా ఎక్కేవారు. నేను ఫోన్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కొలువు పోతుందన్న భయం కొంత, నలుగురిలో తలవంపులన్న భయం అంతకన్నా ఎక్కువ.

నేను గేటు దాటుతుండగా క్రేన్ మీది మనిషి కేక వేశాడు. పరుగెత్తాను. కాకా నేల మీద ఉన్నారు. చేతులకు జాజు, తెల్ల రంగు పెళ్లలు.

"మూడిటికి పెట్టిన" అన్నారు. "ఇంకోటి ఉన్నది. చూస్కో బిడ్డా."

అవే చివరి మాటలు. గీతలు చూసి రైలు ఆపేశారు. నాలుగో కాలిని నేనే లెక్కపెట్టి చూపించాను. ముందే అనుమానం ఉన్నదానిలా చూపించాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వయసు మీద పడిన పనివాడు పాత మమకారం కొద్దీ చెప్పకుండా ఎక్కి జారిపడ్డాడని యాజమాన్యం తేల్చింది. గేటు దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించి, పేరులో అక్షరం కూడా తప్పు కొట్టించింది. దినాల నాడు భారతమ్మ గారు నా చేయి పట్టుకుని అడిగారు.

"ఆయన మల్ల ఎందుకెక్కిండు బిడ్డా? నీకేమన్న ఎర్కనా?"

"ఎర్కలేదమ్మా" అన్నాను.

నిజమంతా కాగితం మీద పెట్టి నిన్న మేనేజరుకు ఇచ్చాను. ఏ శిక్ష వేసినా తక్కువే. అన్ని కాళ్లనూ మళ్లీ పరీక్షించాలని కూడా రాశాను. కానీ ఎవరు పరీక్షిస్తారు? కట్టె మాట వినగలిగిన ఆ మహనీయుడి విద్య ఎవరికీ అబ్బలేదు. పక్కనే నడిచిన నాకు అసలే అబ్బలేదు. ఆ లోటు ఏ యంత్రమూ తీర్చలేదు.

ఇక్కడి వరకు రాసి, అచ్చుకు పంపే ముందు భారతమ్మ గారికి వినిపించడం ధర్మమనిపించింది. ఈ పొద్దున చిక్కడపల్లి వెళ్లాను. ఆమె గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నిలబడే చదివాను. ఆమె చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు. అయిపోయాక తలెత్తారు.

"నాకు ఎర్కనే" అన్నారు. "పొయ్యేటప్పుడే చెప్పిండు. పిల్ల లెక్క తప్పింది, సరిజేసొస్త, పిల్లనేమనకు అన్నడు. దినాల నాడు నిన్ను గందుకే అడిగిన. నువ్వు చెప్తె, నిన్ను పట్టుకొని ఏడుద్దామనుకున్న."

నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"మంచిగనే రాసినవ్. అచ్చెయ్యి, అందరు సదవాలె. కని ఈ ఇంటికి మల్ల రాకు బిడ్డా."

చాట తీసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. కాకా తన చేతులతో చేసి పెట్టుకున్న తలుపు అది. దానికే నమస్కారం పెట్టి మెట్లు దిగాను.