ఒకరి కొలతతో ఇద్దరికి గౌన్లు

రెండు వేల ఇరవై మూడు, డిసెంబరు నెల. కర్ణాటకల సింధనూరు దిక్కు బాళగనూరు బస్టాండు కాడ మా టైలరింగ్ షాపు. రెండు మిషిన్లు, ఒక కటింగు టేబులు, నేను. డిసెంబరు వచ్చిందంటే బళ్లల్ల గ్యాదరింగులు. గ్యాదరింగ్ అంటే బడి వార్షికోత్సవం. ఏడాదిల నాకు అన్నిటికన్న తలనొప్పి నెల అదే.

ఆ ఏడు తలనొప్పి సైన్సు మాస్టారి రూపంల వచ్చింది. పక్క క్యాంపు మనిషి. క్యాంపంటే వలసొచ్చినోళ్ల ఊరు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్నోళ్లు. పదో తరగతి ఆడపిల్లలకు ఆయనే ఒక నాటకం రాసిండు.

"థ్రిల్లర్ అక్కగారూ! ఒక డబ్బున్న అమ్మాయికి గుండె జబ్బు. డాక్టరు ఎప్పుడో ఆ అమ్మాయి ఒంట్లో కణం తీసి, అచ్చం అలాంటి పిల్లనే తయారుచేసి దాచాడు. క్లోన్ అంటారు. ఇప్పుడు దాని గుండె తీసి దీనికి పెట్టాలి. పెట్టొచ్చా, పెట్టకూడదా? అదీ నాటకం."

"తీస్తే ఆ పిల్ల సావదా సార్?"

"అందుకే కదండీ థ్రిల్లర్!"

ఇద్దరికీ లేత నీలం గౌన్లు కావాలె. నెత్తికి టోపీలు, మొఖానికి మాస్కులు ఉంటయట. ఆఖరికి డాక్టరు రాకుండ ఇద్దరూ చేతులు పైకెత్తి తలుపుకు అడ్డం నిలబడతరు. అప్పుడు ఎవరు అసలో ఎవరు నకలో చూసేటోళ్లకు తెలవొద్దు.

అసలు పిల్ల వేషం సహనది. క్యాంపు పిల్ల, సన్నగ ఉంటది. నకలు వేషం రేణుకది. మా ఊరి పిల్ల, బడి త్రోబాల్ టీముల ఆడుతది.

"సహన కొలతొకటి తీయండి, చాలు. రేణుక కూడా అంతే ఎత్తు. కాపీకి మళ్ళీ వేరే కొలతేంటండీ?" అని మాస్టారు తన మాటకు తనే నవ్విండు. రేణుక గడప కాడ నిలబడి ఉండె. నేను సహన ఒక్కదానికే టేపు పెట్టిన.

ఇగ మొదలైనయి ఫోన్లు. పొట్టి చేతులన్నడు. కత్తిరించినంక నిండు చేతులన్నడు. కాలరన్నడు, మర్నాడు కాలరొద్దన్నడు. "మార్జిన్ పోతుంది సార్" అని మొత్తుకున్న. మార్జిన్ అంటే రేపు వదులు చేసేటందుకు కుట్టు లోపట విడిచే గుడ్డ. "ఏం కాదులెండి" అన్నడు. చేతులు రెండోపారి కత్తిరించేటప్పుడు గుడ్డ సాలక మార్జిన్ విడవనే లేదు.

గ్యాదరింగ్ మూడు రోజులుందనంగ ట్రయల్ పెట్టిన. కచ్చా కుట్టు వేసి తొడిగి చూసుడన్నట్టు. సహనకు అచ్చు దిద్దినట్టు కుదిరింది. రేణుకకు తొడుగుడే కష్టమైంది. బాలు విసిరీ విసిరీ ఆ పిల్ల భుజాలు వెడల్పు. "చేతులెత్తు బిడ్డా" అన్న. ఎత్తింది. రెండు చంకల కాడ సర్రున చినిగింది.

పిల్లలను తోలుకొచ్చిన మాస్టారు వాచీ చూసుకున్నడు. "గుడ్డ ఉందా?"

"ఏడిదుంటది సార్? మీ చేతులకే అయిపాయె. సింధనూరు షాపుల ఆ తాను గూడ అయిపోయిందట, పొద్దుగాల అడిగిన."

"అయితే పిల్లని మార్చేద్దాం. సహన కొలతకి సరిపోయే పిల్లని వెతుకుతాను. ఏమనుకోకమ్మా రేణుకా."

ఆ పిల్ల నెల రోజుల సంది మాటలు బట్టీ పట్టింది. చినిగిన చంకలకు చేతులు అడ్డం పెట్టుకొని అడిగింది. "సార్, గౌను కోసం నన్ను మారుస్తరా? నాకోసం గౌను మార్చరా?"

మాస్టారు మళ్ల వాచీ చూసుకున్నడు.

నాకు అప్పటిదాక ఉన్న కోపమంతా నెత్తికెక్కింది. "నాటకంల నకలు పిల్లకు పానముందని రాసింది మీరే కద సార్! ఈడేమో గుడ్డ కోసం నిజం పిల్లనే తీసేస్తిరి! గసెట్ వేస్త, పోండ్రి." గసెట్ అంటే చంకల కింద అతికే నాలుగు మూలల ముక్క. చెయ్యి సులువుగ లేస్తది. నా దగ్గర తెల్ల లైనింగ్ గుడ్డ తప్ప వేరేది లేదు.

"తెల్లదా! చెయ్యెత్తగానే కనబడిపోతుంది. ఇదే క్లోన్ అని తెలిసిపోతే ఇంక సస్పెన్స్ ఏముంటుందండీ?" ఆయన నెత్తి పట్టుకున్నడు.

అప్పటిదాక అద్దంల చూసుకుంటున్న సహన ఇటు తిరిగింది. "నాదానికీ ఆ ముక్కే వేసెయ్యండి ఆంటీ. అప్పుడు ఇద్దరివీ ఒకటే."

"నీకు బాగానే కుదిరింది కదమ్మా! కాపీని చూసి అసలుది మారడమేంటి, ఎక్కడైనా ఉందా?"

"మా షాపుల ఉన్నది సార్," అన్న.

అన్ననే గానీ, మంచిగ కుదిరిన గౌను కుట్లు ఇప్పుడు చేతితో ఇప్పుకోవాలె. నోట్లె గుండుసూదులు పెట్టుకొని లోలోపట ఆయనను ఎన్ని అన్ననో! రెండు గౌన్లకు నాలుగు తెల్ల ముక్కలు అతికిన. రేణుకను రెండుపార్లు తొడిగించి, త్రోబాల్ విసిరినట్టు విసరమని చూసినంకనే పక్కా కుట్టు వేసిన.

గ్యాదరింగ్ నాడు ఆడోళ్ల నడుమ కూసున్న. ఇద్దరు పిల్లలు తలుపుకు అడ్డం నిలబడి చేతులెత్తిండ్రు. నాలుగు తెల్ల ముక్కలు మెరిసినయి. పక్కనున్న ముసలామె నన్ను గిల్లి, "ఏందే, అసలుది ఏ పిల్ల?" అనె. కుట్టిన దాన్ని, నాకే తెలవలే. డాక్టరు వేషం పిల్ల కత్తి పట్టుకొని ముందుకొస్తే ఆ ముసలామె లేసి, "ఏయ్! ఏ పిల్లనూ ముట్టకు!" అని అరిసింది. జనం అరుపులు ఆగేదాక ఇద్దరూ చేతులు దించలే. తర్వాత ఒక పిల్ల తన డైలాగు చెప్పింది, గొంతు విన్నంకనే తెలిసింది రేణుకని.

మొన్న ఒకామె కవల పిల్లలను తెచ్చి, "ఇద్దరు ఒకటే, ఒకదానికి తీయక్కా" అన్నది. ఇద్దరినీ నిలబెట్టిన. నడుము కాడ ముప్పావు ఇంచు తేడా వచ్చింది. ఆలస్యమైతుందని ఆమె గొణిగింది. గొణగనీ.

ఆ మాస్టారును నేను ఎన్నో తిట్టిన, ఇంటోళ్లతోని చెప్పినప్పుడల్ల తిడ్త. కానీ ఆ దినం రేణుక నా గడప కాడనే నిలబడ్డది. టేపు నా చేతిలనే ఉండె. కొలతలు ఆయనకేం ఎరుక? ఎరుకున్నదాన్ని నేను. నేనే తీయలే.