ఐరాలలో విచ్చుకున్న పుట్టగొడుగులు

వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నన్ను మావాళ్లు పెళ్లిళ్లకు పిలుస్తారు గానీ సలహాలకు పిలవరు. అందుకే రెండు వేల ఆరు డిసెంబరులో తమ్ముడి కూతురు సుజాత ఐరాల నుంచి ఫోన్ చేసి, "అత్తా, నా పుట్టగొడుగులకు కాళ్లే సాగతా ఉండాయి, తలకాయల్లేవు. ఇంకో కాపు ఇట్లే వస్తే షెడ్డులో ఆవుల్ని కట్టేస్తానంటా ఉండాడు ఈయన" అనగానే సంచి సర్దుకున్నాను.

తిరుపతిలో ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిదికల్లా కాణిపాకం. టిక్కెట్టు ముప్పై చిల్లర. అక్కడినుంచి షేర్ ఆటో. ఎవరింటికని అడిగిన డ్రైవరు, జవాబు విని వెనక్కి తిరిగాడు.

"ఆ షెడ్డుకా అవ్వా? దానికి దిష్టి తగిలిందంట."

"నువ్వు రోడ్డు చూడప్పా, దిష్టిని నేను చూస్తాను."

మొదటి కాపు బ్రహ్మాండంగా వచ్చిందట. ఊరంతా వచ్చి మెచ్చుకుంటే, ఆ కళ్లకు భయపడి సుజాత మొగుడు మునిరత్నం కిటికీలతో సహా నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్ట బిగించి, గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టాడు. లోపల గడ్డి నింపిన సంచుల నుంచి జానెడు కాడలు, వాటి కొసన చొక్కా గుండీలంత గొడుగులు.

"గుమ్మడికాయ ఉండనీ, పట్ట పీకెయ్" అన్నాను.

"జనం కండ్లు పడతాయత్తమ్మా."

"పడనీ. ఇవీ మనలాగే ఊపిరి వదులుతాయి. ఆ చెడుగాలి పోయే దారిలేక మెడలు సాచినాయి. నిన్ను ఈ పట్టలో చుట్టి వారం ఉంచితే తెలుస్తుంది."

మునిరత్నం కదల్లేదు. సుజాతే కొడవలి తెచ్చి పట్ట కోసేసింది. తేమ పోకుండా కిటికీలకు తడి గోనెలు వేలాడదీశాం. వంకర కాపంతా కోసి మిరియాలతో వేపుడు చేసుకున్నాం. రూపమే గానీ రుచి ఎక్కడికీ పోలేదు.

ఒక్క పూటకని వెళ్లినదాన్ని తొమ్మిది రోజులు ఉండిపోయాను. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి ప్రతి సంచికీ అరచేయంత తెల్లటి గొడుగులు, పొట్టి కాడలతో, గుత్తులు గుత్తులుగా. సుజాత బుట్టలు దించింది. మునిరత్నం మాత్రం వీధిలోకి పోయి, "రాండప్పా, వచ్చి సూసిపోండి" అని పిలుస్తున్నాడు.

ఇన్నేళ్లూ బోర్డు మీద పుట్టగొడుగు బొమ్మ గీసి భాగాల పేర్లు రాయించాను. ఊపిరాడనప్పుడు అది ఎలా ఉంటుందో ఎవరికీ చూపలేదు, నేనూ చూడలేదు. చదువుకున్నదానికి పని దొరికిన సంతోషం, ఆలస్యంగా వచ్చినా అరగడానికి చాలా రోజులు పట్టింది.

వెళ్లేవారికి ఒక్క మాట: ముందురోజు కాణిపాకంలో బస చేసి ఏడు లోపే షెడ్డు చేరండి. అంచులు పైకి తిరగకముందే కోసేస్తారు. ఎనిమిదికి వెళ్తే చూడ్డానికి గడ్డి సంచులే మిగులుతాయి.