నిలబడి చేసే ఉద్యోగం

సాయంత్రం టీవీలో ఆఫీసు కామెడీ చూశాం. అందులో ఎవరూ నవ్వరు, అందుకే నాకు నవ్వొస్తుంది. ఈ రోజు ఎపిసోడ్‌లో మేనేజరు సిబ్బంది ఆరోగ్యం కోసమంటూ కుర్చీలన్నీ తీయించేశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. నేను పడీపడీ నవ్వాను.

పక్కనే మా తమ్ముడి భార్య లక్ష్మి వాచిన కాళ్లు చాపుకుని కూర్చుంది. విజయనగరంలో బట్టల షాపులో పని. కడుపుతో ఉంది, ఇప్పుడు ఆరో నెల.

"మా షాపులోనూ స్టూళ్లు తీసేసినారొదినా. కూకుంటే ఒళ్లు పెరుగుతాదంట."

"మరి నువ్వేటన్నావే?"

"సరే సార్ అన్నాను. గట్టిగా అడిగితే ఇంటికెళ్లి కూకోమంటాడు."

చెబుతున్నప్పుడు ఆమె ముఖమూ కదల్లేదు. నేను టీవీ కట్టేశాను.

ఇలాంటి కామెడీలు రాసేవాళ్లు కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదనిపించింది. మీరు పనిచేసే చోట కూర్చోనిస్తున్నారా?