చెప్పుల బోర్డు తెలుగులో ఉంది

దగ్గు తగ్గడం లేదని ఈ సాయంత్రం నారాయణగూడలో ఒక ఎక్స్‌రే సెంటర్‌కు వెళ్లాను. నాకంటే ముందు పాలమూరు నుంచి కూలి పనికి వచ్చిన ఒకామె, చెయ్యి విరిగిన కూతురితో ఉంది. ఎక్స్‌రే తీసేటప్పుడు పాప కదలకుండా ఆమెనే పట్టుకోమన్నారు. టెక్నీషియన్ మాత్రం కిరణాలు తగలకుండా సీసం రేకు వేసిన తలుపు వెనక్కి వెళ్లి బటన్ నొక్కాడు.

ఆమె పాపతో బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. మాటల్లో తెలిసింది, ఆమెకు మూడో నెల.

చేతి ఎక్స్‌రేతో కడుపులో బిడ్డకు ఏమీ కాకపోవచ్చు. కానీ ముందు అడగాలి కదా? ఆ మాటే టెక్నీషియన్‌తో అన్నాను.

"కడుపుతోటి ఉన్నోళ్లు ముందుగాల చెప్పాలని బోర్డు పెట్టినం కదన్నా. జర చదువుకోవాలె" అన్నాడు.

బోర్డు ఇంగ్లిషులో ఉంది.

నేనేదో అనేలోపు ఆమే అంది: "తెలుగుల రాస్తే చదవకపోదునా సార్? చెప్పులు బయట ఇడువమని రాసిన్రు, ఇడిసి రాలేదా?"

అతను తరువాతి పేరు పిలిచాడు. అది నాదే.

మీ వీధి సెంటర్లో ఏది తెలుగులో రాశారో చూసి చెప్పండి. ఇక్కడైతే గచ్చుకు మట్టి అంటకుండా కాపాడుకున్నారు.