బస్సు కోసం పోగేసిన జనం

ఇలా దగ్గరకొచ్చి కూచోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. నా తెలివితేటలతో ఊరు మొత్తానికి బస్సు లేకుండా చేసిన కథ ఇది. పగబట్టినవాళ్లు కూడా అంత శుభ్రంగా చెయ్యలేరు.

మాది శృంగవరపుకోటకి బాగా లోపలున్న చిన్న ఊరు. సెల్‌ఫోన్లొచ్చాయి, తారురోడ్డొచ్చింది, బస్సు మాత్రం రాలేదు. ఊళ్లో ఒక్క ఆటో కూడా లేదు. మెయిన్ రోడ్డు మీద బస్సు హారను మాకు వినిపించేది, పెళ్లింటి పులుసు వాసన వచ్చి విస్తరి రానట్టు. నా తోటికోడలు సూరమ్మ వంకాయల గంప నెత్తినెట్టుకుని తెల్లారగట్ల రోడ్డు దాకా నడిచేది. ఆ ఏడు దాని మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగేది. గంప ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఎత్తకపోతే ఇల్లు గడవదు. బస్సొస్తే దాని మెడ బతుకుతుందని ఊరందరం డిపో చుట్టూ తిరగ్గా తిరగ్గా, బస్సెక్కే జనం ఉన్నారో లేదో వచ్చి చూస్తానన్నాడు ఒక ఆఫీసరు.

మా ఊళ్లో జనమేరీ? సగంమంది విశాఖలో, హైదరాబాదులో మేడలు కడుతున్నారు, వాళ్లు ఉండడానికి కాదులెండి. మిగిలినవాళ్లు పగలు పొలాల్లో ఉంటారు. ఆయనొచ్చే వేళకి వీధిలో కోళ్లే తిరుగుతాయి. నేనప్పుడు పొదుపు సంఘానికి లీడర్ని. బుర్ర పాదరసం అనుకునేదాన్ని.

“సూరీ, నువ్వేటీ బెంగెట్టుకోకు. జనాన్ని నాను తెప్పిస్తాను” అన్నాను.

“జనమేటి సంతలో దొరుకుతారేటప్పా? ఉన్నోళ్లం సాలమా? నా మెడ సూసినా బస్సిచ్చీగలడు” అంది.

వింటేనా? మేకపోతుని కోయించి వేటకూర వండుతున్నాను, పిల్లాజెల్లాతో రండని పుట్టింటికి ఫోను చేశాను. కూర మాట వింటే మావాళ్లు దుక్కిలో ఎడ్లని కూడా విప్పేసి వస్తారు.

ఆఫీసరు జీపు దిగేసరికి వీధి తిరనాళ్లలా కిటకిటలాడుతోంది. ఆయన మొహం వికసించింది. ఇంత జనం ఉన్నారనుకోలేదమ్మా అంటూ వీధి చివరిదాకా నడిచాడు. అక్కడ మా పుట్టింటివాళ్లొచ్చిన ఆటోలు, అద్దాలకి పూలదండలేసుకుని, పెళ్లికూతుళ్లలా వరసగా నిలబడి ఉన్నాయి.

“ఈ ఆటోలన్నీ మీ ఊరివేనా అమ్మా?”

 కాదంటే, జనం కూడా మా ఊరివాళ్లు కాదని తేలిపోతుంది. సూరమ్మ మనిషంతా నావైపు తిరిగింది, నిజం సెప్పీయప్పా అన్నట్టు.

“మావేనండి” అన్నాను. కాస్త గర్వంగా కూడా అన్నాను.

“ఇన్ని ఆటోలుంటే మా బస్సెవరెక్కుతారు? ఏ బండీ లేని ఊళ్లున్నాయి, ముందు వాళ్లకివ్వాలి కదా” అని నమస్కారం పెట్టి జీపెక్కేశాడు.

జీపు వెనకాల పరిగెత్తాను. ఏమని అరవాలో తెలియక, దుమ్ము తిని వెనక్కొచ్చాను. మావాళ్లు మాత్రం కూర తిన్నారు, ఉప్పు తక్కువైందన్నారు, ఆటోలెక్కి వెళ్లిపోయారు.

సూరమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. మర్నాడు గంప ఎత్తుకుంటూ ఒక్క మాటంది.

“మందిని తెచ్చావు, బాగానే ఉన్నాది. ఆళ్లని నడిసి రమ్మంటే నీ సొమ్మేటి పోనాదప్పా?”

దాని చేతిలోని గంప నా నెత్తికెత్తుకున్నాను. బస్సొచ్చేదాకా మోస్తాననుకున్నాను. ఏళ్లు గడిచాయి కానీ బస్సు రాలేదు, గంప ఇంకా నా నెత్తి మీదే ఉంది. దాని మెడ ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

ఆ దారిలోనే ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ ఆఫీసరొచ్చినా మా ఊరిని ఉన్నది ఉన్నట్టే చూపిస్తాను. ఆయన జీపు మెయిన్ రోడ్డెక్కాకే వేటకూర పొయ్యెక్కిస్తాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీకు రావాల్సింది మీ గుమ్మం ముందుకే రావాలి. మీ ఇంట ఏ ఒక్కరి మెడ మీదా బరువంతా పడకూడదు.