పెన్సిల్ గీత మందం

మా ఆయన వడ్రంగి. పదహారేళ్ల కిందట తలుపులూ కిటికీలూ మానేసి, అలల మీద నిలబడి జారే సర్ఫ్ బోర్డులకు ఇంట్లోనే అచ్చులు తీయడం మొదలుపెట్టాడు. పల్చటి ప్లైవుడ్ మీద బోర్డు అంచు వంపు గీసి, కోసి, గరుకు కాగితంతో రుద్ది ఇస్తాడు. బోర్డులు చేసే షాపువాళ్లు దాన్ని ఫోమ్ దిమ్మె మీద పెట్టి ఒక పక్క గీస్తారు, తిరగేసి రెండో పక్క గీస్తారు. అందుకే అచ్చు ఎప్పుడూ సగమే. మా ముందుగది మాత్రం పూర్తిగా పోయింది. ఎవరైనా వస్తే కుర్చీ మీద చెక్కపొడి దులిపి కూర్చోబెట్టాలి.

ఒక మధ్యాహ్నం షాపు యజమాని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఏమనుకోవద్దు. బోర్డులు వెడల్పుగా వస్తున్నాయి, మలుపు తిరగట్లేదని అందరూ తిడుతున్నారు. మొదట్లో ఇచ్చిన వంపే కావాలి. ఈసారి కూడా రాకపోతే వేరేచోట చూసుకుంటాను."

అతను వెళ్లాక మా ఆయన కొత్త అచ్చు మీద, అరిగిపోయినా ఇంకా పారేయని పాత అచ్చు పెట్టి చూశాడు. కింద నుంచి కొత్తదాని అంచు సన్నగా బయటికి కనబడింది.

"ప్రతిసారీ గీత మిగిల్చి కోశానే," అన్నాడు.

తలుపులు చేసినప్పటి అలవాటు. రంపం గీత బయటే నడవాలి, గీత పోతే పని చెడినట్టే. అచ్చు అరిగినప్పుడల్లా దాని చుట్టూ గీసి, ఆ గీత మిగిలేలా కొత్తది కోసేవాడు. ఆ తర్వాత పాతది విరిచి పారేసేవాడు. అలా ప్రతిసారీ అచ్చు పెన్సిల్ గీత మందాన లావెక్కింది. బోర్డుకి వచ్చేసరికి అది రెండింతలు. ఎన్నిసార్లు తీశాడో తెలియదు. మొదటి అచ్చు లేదు. కొలతలు రాసుకునే బుద్ధి ఎప్పుడూ లేదు, అంతా కంటితోనే.

"ఇంక నా వల్ల కాదు. మానేస్తాను," అని గోడకు చేరగిలబడ్డాడు.

నాకు జాలి కంటే ముందు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఆ పొడి ఊడ్చింది నేను. మానేయమని నేను పోరినప్పుడు మానని మనిషి, ఇప్పుడు తప్పు జరిగిందని మానేస్తాడట!

"లేవండి. మేకులెక్కడ?" అన్నాను.

కొత్త ప్లైవుడ్ పరిచి మేకులు కొట్టాడు. సన్నటి చెక్కబద్దను వాటికి ఆనించి వంచితే, ఆ వంపే బోర్డు వంపు. బద్ద చివర నేను పట్టుకోవాలి.

"కొంచెం లాగు... అంత కాదు... ఇప్పుడు వదులు."

ఒక మేకు పీకి మరోచోట కొడతాడు, దూరం జరిగి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. టీ రెండుసార్లు చల్లారిపోయింది. నా భుజాలు లాగేస్తున్నాయి. చివరికి కదలకుండా నిలబడిపోయాడు.

"ఇదేనా అది? మొదటిసారీ నువ్వే కదా పట్టుకుంది."

నాకు గుర్తులేదు. ఆయన కళ్లు చూశాక ఆ మాట చెప్పలేకపోయాను.

"ఇదేనండీ."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

"నీకెలా తెలుస్తుందే? అప్పుడూ చేతులు నొప్పని నన్ను తిడుతూనే ఉన్నావు. వంపు వంక చూశావా ఏమన్నా?"

"అయితే మళ్లీ కొడతారా మేకులు?"

"వద్దు. ఇది బాగానే ఉంది. ఇంకాస్త పట్టుకో," అని పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు.

పట్టుకునే ఉన్నాను. తిట్టే ఓపిక మాత్రం లేదు.