చూడని చోట్లు

ఇంట్లో ఏదైనా వెతికిపెట్టమంటే నేను గుమ్మంలోంచే తొంగిచూసి "లేదు" అనేస్తానని మా ఆవిడ ఫిర్యాదు. పూర్తిగా అబద్ధమని చెప్పలేను. నేను దర్జీని. సూదిలో దారం చిటికెలో ఎక్కిస్తాను గానీ అలమారలో ఉన్న తువ్వాలు కనపడదు. ఆవిడ అలా కాదు. ఆవిడ "లేదు" అందంటే ఆ వస్తువు ఇంట్లో లేనట్టే, ఇక అప్పీలు లేదు.

ఆవిడ ఆఫీసులోనూ అంతే. గ్రంథాలయాల్లో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రాం రాసే చిన్న కంపెనీ అది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పని. ఆ ప్రోగ్రాంలో ఏ కోడు ఎక్కడుందో ఆవిడకు కొట్టిన పిండి. గుర్తులేనివి వెతకడానికి ఒక సాధనం ఉంది. మాట టైపు చేస్తే వేల ఫైళ్ళలో అది ఎక్కడెక్కడుందో రెప్పపాటులో చూపిస్తుంది. ఎవరెవరో డబ్బులు పుచ్చుకోకుండా ఇష్టంకొద్దీ చేసిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు కూడా.

ఒకరోజు మేనేజరు అడిగాడు. "మేడమ్, పాత రసీదుల కోడు ఇంకెక్కడైనా వాడుతున్నామా? తీసేద్దామా?"

ఆవిడ వెతికింది. సాధనం ఒక్క చోటు కూడా చూపించలేదు. "ఎక్కడా లేదండీ, తీసేయండి" అంది.

మర్నాడు పొద్దున పదకొండు గ్రంథాలయాల్లో ప్రింటర్లు మూగబోయాయి. పుస్తకం తిరిగిచ్చినవాళ్ళు రసీదు ఇవ్వందే కదలమని కౌంటర్ల దగ్గర బైఠాయించారు. ఆ కోడును వాడే ఫైలొకటి మామూలుగా కనపడని ఫోల్డర్లో ఉంది. పని త్వరగా ముగించడానికి సాధనం అలాంటి ఫోల్డర్లలోకి వెళ్ళనే వెళ్ళదు. వెళ్ళలేదని చెప్పనూ చెప్పదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆ పూట గుర్తురాలేదు.

మధ్యాహ్నానికల్లా ఆవిడే అంతా సరిచేసింది. మేనేజరు కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "ఇకమీద మీరు చూశాక ఇంకొకరి చేత కూడా చూపిద్దాం" అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు నా మాట ఒక్కటే సరిపోయేదండీ" అంది ఆ సాయంత్రం. "పోన్లే, నువ్వూ నా జట్టులో చేరావు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా నోటికి నేనే రెండు కుట్లు వేసుకోవాల్సింది.

ఆవిడ పంతం పట్టింది. వెతకడం అయ్యాక ఆ సాధనం చివర్లో ఒక వరుస చూపించాలి, ఇన్ని ఫైళ్ళు చూడలేదని. రెండు ఆదివారాలు కూర్చుని ఆ మార్పు రాసి, సాధనం బాగోగులు చూసే పెద్దమనిషికి పంపింది. ఆయన ఎవరో, ఎలా ఉంటారో తెలియదు. ఫోటో బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నారు కాబట్టి మా ఇంట్లో ఆయన గుడ్లగూబగారు.

గుడ్లగూబగారు మర్యాదగానే తిప్పికొట్టారు. చూడని ఫైళ్ళు లెక్కపెట్టాలన్నా ఆ ఫోల్డర్లలోకి వెళ్ళాలి, వెళితే వేగం పోతుంది, వేగం పోయాక ఈ సాధనం ఎవరిక్కావాలి అని రాశారు. ఆవిడ కొలిచి చూసింది. రెట్టింపు సమయం పట్టింది, ఆయన మాట నిజమే.

ఆ వారమంతా ఆవిడ ఆ కోడే తిరగేస్తూ కూర్చుంది. శనివారం మా అమ్మను నాలుగింటికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మందుల చీటీ కనపడలేదు. వెతికే పని నా మీద పడింది. ఈసారి చీవాట్లు తినదలుచుకోక, "హాలూ వంటిల్లూ మూలమూలా చూశాను. అమ్మ గదిలోకీ మేడమీదికీ మాత్రం వెళ్ళలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"వెళ్ళకపోవడమేమిట్రా, బద్ధకం కాకపోతే!" అంది అమ్మ.

మా ఆవిడ మాత్రం చటుక్కున నావైపు తిరిగింది. "ఏమండీ, మేడమీద ఎన్ని సామాన్లున్నాయో తెలుసా మీకు?"

"నాకేం తెలుసు? వెళ్తేగా!"

"అదే! లోపల ఎన్నున్నాయో ఎందుకు? ఏ గదిలోకి వెళ్ళలేదో చెబితే చాలు. గుమ్మం దాకా ఆ సాధనం ఎలాగూ వస్తుందిగా!" అంటూ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది. చీటీ అమ్మ కళ్ళజోడు పెట్టెలో దొరికింది. వెతికి తీసింది నేనే, ఆ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే అంటున్నాను.

ఫైళ్ళ లెక్క మాని, వెళ్ళని ఫోల్డర్ల పేర్లు మాత్రం చెప్పేలా మార్చి మళ్ళీ పంపింది. ఈసారి గుడ్లగూబగారు వేగం ఊసెత్తలేదు. కానీ, కావాలని అడిగినవాళ్ళకే ఆ వరుస చూపిద్దామన్నారు. మా ఆవిడ ఒప్పుకుంటేగా! "అడగాలని గుర్తున్నవాళ్ళు ఎలాగూ చూసుకుంటారు. గుర్తులేనివాళ్ళకే ఇది కావాలి. నాకు గుర్తులేక పదకొండు గ్రంథాలయాల్లో పని ఆగిపోయింది" అని జవాబు రాసింది. తన పొరపాటును తనే లోకమంతా చదివే చోట పెట్టింది. నాకైతే అంత ధైర్యం లేదు. రెండు రోజుల తర్వాత ఆయన ఆ మార్పును ఉన్నదున్నట్టుగా కలిపేశారు.

కొత్త వెర్షన్ వచ్చిన నెలకు మేనేజరు ఇంకో పాత కోడు గురించి అడిగాడు. సాధనం ఏమీ దొరకలేదంది, మూడు ఫోల్డర్లలోకి వెళ్ళలేదనీ చెప్పింది.

"ఇప్పుడే చెప్పలేనండీ. మూడు చోట్ల చూడలేదు. అరగంట ఇవ్వండి" అంది మా ఆవిడ.

మేనేజరు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ మూడూ తెరిచి, ఒక్కొక్క ఫైలే చూసి, "లేదండీ" అంది. ఆయన లేచి, అవతల కూర్చున్నవాళ్ళతో "తీసేయండి" అన్నాడు.

సాయంత్రం చెప్పులైనా విప్పకుండా ఇదంతా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. నేను మిషను ఆపేశాను. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు!

"ఇంకొకర్ని చూడమనలేదండీ" అంది. నేను విన్నానో లేదోనని, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అంది. "ఇంకొకర్ని పిలవనే లేదు."